బావ కొనబోయే బండి

విన్నెమక్కా, నెవాడా
4 మే 1997

వెండెల్‌కి,

మాట పూర్తి కాకుండానే ఫోను పెట్టేశానని మీ అక్క వెర్నా నన్ను చెడామడా తిట్టింది. వారంలో ఇది మూడోసారట. "నువ్వు గానీ వాడు గానీ ఇంకోసారి ఫోను ముట్టుకుంటే చేతులు విరగ్గొడతాను. ఉత్తరాలు రాసుకోండి. రాసేటప్పుడైనా కాస్త ఊపిరి తీసుకుంటారు" అంది. అందుకని రాస్తున్నాను. నా చేతిరాత అర్థం కాకపోతే అది నీ ఖర్మ.

సంగతి ఇది. సెప్టెంబరు రెండో వారంలో మనం నలుగురం సెయింట్ ఆంథొనీ ఇసుక దిబ్బలకి వెళుతున్నాం. వెర్నా చెప్పింది కాబట్టి అది ఖాయం. మనం కలిసి బయల్దేరి ఆరేళ్ళయింది. షెడ్డులో ఇసుకలో తోలే బగ్గీ తయారుగా ఉంది. వంగిపోయిన దాని చట్రాన్ని మూడు చలికాలాలు కూర్చుని సాపు చేశాను. నీ దగ్గర ఇసుకలో తిరిగే నాలుగు చక్రాల చిన్న బండ్లు రెండున్నాయి. ఈ ఆటబండ్లన్నిటినీ ట్రైలర్ మీద లాక్కుపోతూ, దారిలో వండుకుని తింటూ, బండిలోనే పడుకుంటూ వారం గడపాలి. దానికి ఏ బండి కావాలో నేను తేల్చేశాను. నాలుగు తలుపుల పెద్ద పికప్ ట్రక్కు, దాని వీపు మీద ఎక్కించి దించుకునే చిన్న ఇల్లు, క్యాంపర్.

నువ్వు ఫోనులో మోటార్‌హోమ్ అన్నావు. దాని ఇంజను పాడైతే ఇల్లు కూడా మెకానిక్ షెడ్డుకి పోతుంది. రోడ్డు మీద దుప్పటి కప్పుకుని కూర్చోవాలి. క్యాంపర్ అయితే దిబ్బల దగ్గర నాలుగు కాళ్ళ మీద దించేసి, ట్రక్కు వేసుకుని పాల డబ్బాకి ఊళ్ళోకి పోవచ్చు. ట్రైలర్ లాగడానికి కూడా ట్రక్కే గట్టిది. బంగారు గనిలో ముప్ఫై ఏళ్ళు యంత్రాలు బాగుచేసినవాడి మాట ఇది, బీట్ దుంపల లారీల్ని తూచేవాడి మాట కాదు.

వెర్నా మోకాలి నొప్పి తగ్గింది. తోటలో కుందేళ్ళు పడి బఠాణీ మొక్కలన్నీ మేసేశాయి.

మీ బావ,
ఓరిన్


ట్విన్ ఫాల్స్, ఐడహో
12 మే 1997

ఓరిన్ బావకి,

నీ ఉత్తరం అందింది. చేతిరాత అర్థమైంది, మాటలే అర్థం కాలేదు.

దుంపల లారీల్ని తూచేవాణ్ణే నేను, కాదనను. పాతికేళ్ళుగా చక్కెర మిల్లు కాటా దగ్గర కూర్చుంటున్నాను. కాబట్టి బరువుల సంగతి నాకు చెప్పకు. ఆ క్యాంపర్ అమ్మేవాడు నీకు ఎంత బరువని చెప్పాడు? వాడు చెప్పేది ఖాళీ డబ్బా బరువు. అందులో నీళ్ళు నింపలేదు, గ్యాసు సిలిండరు లేదు, బ్యాటరీ లేదు, మా అక్క ఇనప మూకుళ్ళు అసలే లేవు. అవన్నీ వేశాక నీ ట్రక్కు వీపు మీద ఎంత మిగులుతుందో, వెనక ట్రైలర్ ముక్కు ఎంత నొక్కుతుందో లెక్క చూశావా? డ్రైవరు తలుపు తీస్తే బండి ఎంత బరువు మోయగలదో రాసిన చిన్న కాగితం అంచు మీద అంటించి ఉంటుంది. నీ కళ్ళద్దాలు పెట్టుకుని చదువు.

అది అటుంచు. అసలు సంగతి వేరే. క్యాంపర్ తలుపు వెనక ఉంటుంది. మూడు నిటారు మెట్లు. ట్రైలర్ తగిలించి ఉంటే ఆ మెట్లు సరిగ్గా ట్రైలర్ ముక్కు కడ్డీ మీదకి దిగుతాయి. పడకేమో డ్రైవరు నెత్తి మీద, అటక మీద. మా ఆవిడ ఆర్డిత్ రెండు కర్రల మీద నడుస్తుందన్న సంగతి నీకు గుర్తుందా? ఎడమ కాలు జానెడు ఎత్తు కూడా లేవదు. ఆమె ఆ మెట్లు ఎలా ఎక్కాలి, ఆ కడ్డీని ఎలా దాటాలి, అటక మీదకి ఎలా పాకాలి?

మోటార్‌హోమ్‌కి తలుపు పక్కన ఉంటుంది. పడక కూడా కిందే ఉంటుంది. ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఇక్కడ ఏప్రిల్ వెళ్ళిపోయినా చలి పోలేదు. అక్కని అడిగానని చెప్పు.

నీ బావమరిది,
వెండెల్


విన్నెమక్కా
21 మే 1997

వెండెల్‌కి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివాక షెడ్డులోకి పోయి గంటసేపు సుత్తితో ఉత్త ఇనుమునే బాదాను.

"గుర్తుందా" అని అడిగావు. ఆర్డిత్ కర్రల మీద నడుస్తుందన్నది నాకు గుర్తుందా అని! ఏమయ్యా, ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఆమె ఎన్ని అడుగులకి ఆగి ఊపిరి తీసుకుంటుందో నాకు తెలుసు. పద్నాలుగు. గత ఏడాది నవంబరులో మీ ఇంటి వాకిట్లో నా ట్రక్కులో కూర్చుని లెక్కపెట్టాను. లోపలికి ఎందుకు రాలేదో వెర్నా నీకు చెప్పే ఉంటుంది.

నీ మాటల వెనక ఏముందో నాకు తెలియదనుకోకు. మోటార్‌హోమ్ కొను అంటే, చేసినదానికి మూల్యం చెల్లించు అని. అదేనా నువ్వు అనేది? అయితే సూటిగా అను. మెట్లనీ అటకనీ చుట్టూ తిరగొద్దు.

మోటార్‌హోమ్ ఎందుకు వద్దో విను. వెనక చక్రాలు దాటాక దానికి బారెడు తోక ఉంటుంది. ఆ తోక చివర ట్రైలర్ కట్టాలి. ముందు గాలి కొడితే తోక కదులుతుంది, తోక కదిలితే ట్రైలర్ ఊగుతుంది. దిగుడు దారిలో ఒకసారి ఊగడం మొదలైతే ఏమవుతుందో ఈ కుటుంబంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. అలాంటి బండికి ట్రైలర్ కట్టి అందులో ఆర్డిత్‌ని కూర్చోబెట్టి నేను నడపలేను. నడపను.

కుందేళ్ళకి వల కట్టాను. పైనుంచి దూకుతున్నాయి.

ఓరిన్


ట్విన్ ఫాల్స్
2 జూన్ 1997

బావా,

నేను అననిది అన్నానని రాశావు. మూల్యం మాట నా ఉత్తరంలో ఎక్కడుంది? మెట్లు అన్నాను, మెట్లే. నువ్వేమో నాలుగు పేజీలు బుసలు కొట్టావు.

ఈ వారం ఏం జరిగిందో చెబుతాను. నువ్వు అక్క చేత పంపించిన క్యాంపర్ పుస్తకం, ఆ రంగురంగుల బొమ్మలది, వంటింటి బల్ల మీద ఉంది. ఆర్డిత్ దాన్ని తిరగేసింది. మెట్ల బొమ్మ దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది. మూసి, ఉర్లగడ్డలు చెక్కు తీసుకుంటూ, "ఓరిన్ అన్నయ్యకి నేను రావడం ఇష్టం లేదేమో. ఫరవాలేదులే, మీరు ముగ్గురూ వెళ్ళండి, నేను మా చెల్లెలి ఇంట్లో ఉంటా" అంది. కళ్ళెత్తి నా వైపు చూడలేదు.

ఏం చెప్పమంటావు నన్ను? ఆరేళ్ళలో నువ్వు మా గడప తొక్కలేదు. అక్క ఒక్కతే వస్తుంది, నువ్వు ట్రక్కులో కూర్చుంటావు, లేకపోతే టైర్లు చూసుకుంటున్నానంటావు. ఆమెకి కనిపించేది అదే. ఇప్పుడు ఆమె ఎక్కలేని బండి ఏరికోరి కొంటున్నావు. ఆమె మొహం చూడలేకపోతే అది నీ బాధ. దానికి ఆమెని ఇంట్లో కూర్చోబెట్టకు.

ఇసుక దిబ్బలంటే ఆమెకి ఎంత ఇష్టమో నీకు తెలుసు. బగ్గీలో మనందరికంటే పైకి వెళ్ళి, అంచు మీద ఆపి, కిందికి చూసి చెయ్యి ఊపేది. మనం గుడ్లు మిటకరించుకుని చూసేవాళ్ళం.

ఆమె రాకపోతే నేనూ రాను.

వెండెల్


విన్నెమక్కా
20 జూన్ 1997

వెండెల్‌కి,

కొనేశాను. వాదన అయిపోయింది, ఇక నోరు మూసుకో.

కొనేముందు నీ మాట మన్నించి రెనో దాకా పోయి మోటార్‌హోమ్ ఒకటి నడిపి చూశాను. అమ్మేవాడు కుర్రాడు, బూట్లు తళతళలాడుతున్నాయి. "ఇది అయిదు వేల పౌండ్లు లాగుతుంది సార్, చెయ్యి కూడా వణకదు" అన్నాడు. "బండి ఖాళీగా ఉంటేనా, నలుగురు మనుషులూ, నీళ్ళూ, సామాన్లూ ఎక్కాకా?" అని అడిగాను. "కొండెక్కేటప్పుడు కొంచెం నెమ్మదిగా పోవాలి సార్" అన్నాడు. "దిగేటప్పుడో?" అన్నాను. "అప్పుడు అదే పోతుంది సార్" అని నవ్వాడు. వాడి చొక్కా పట్టుకుని లాగాను. వెర్నా అడ్డం పడింది. బయటికొచ్చి వాడికి సారీ చెప్పింది, నా చేత చెప్పించలేకపోయింది.

ఇప్పుడు శ్రద్ధగా విను. ఆర్డిత్ రాకుండా ఉండటానికి నేను క్యాంపర్ కొంటున్నానని నువ్వు రాశావు. దీంతో ఒక బొమ్మ గీసి పంపుతున్నాను, చూడు. క్యాంపర్ తలుపు పైన ఇనప చెయ్యి ఒకటి బిగించాను. దానికి కుర్చీ. పక్కన చిన్న తిప్పుడు పిడి. పిడి తిప్పితే కుర్చీ నేల మీంచి నెమ్మదిగా లేచి, ట్రైలర్ కడ్డీని దాటి, గుమ్మంలోకి తిరుగుతుంది. వెర్నా వద్దని మొత్తుకుంటున్నా ముందు నేను కూర్చుని చూశాను, తర్వాత ఎరువుల బస్తాలు పెట్టి చూశాను. మూడొందల పౌండ్లు వేసినా కుర్చీ కిర్రుమనలేదు. లోపల భోజనాల బల్ల తీసేసి కింద పక్క వేశాను. అటక మీద మీ అక్కా నేనూ పడుకుంటాం.

క్యాంపర్ కొనకముందే, ఏప్రిల్ నుంచి ఈ కుర్చీ పనిలోనే ఉన్నాను. అయ్యాక చెబుదామనుకున్నాను. నువ్వు ఆగనిస్తేనా?

ఓరిన్


ట్విన్ ఫాల్స్
1 జులై 1997

ఓరిన్,

బొమ్మ చూశాను. ఇంజన్ని షెడ్డులో గొలుసుకి కట్టి పైకెత్తుతారు చూడు, సరిగ్గా అదే. నా భార్య ఇంజను కాదు. ఎరువుల బస్తా కూడా కాదు.

క్యాంపింగ్ చేసుకునే జనమంతా కాఫీ కప్పులు పట్టుకుని చూస్తుండగా ఆమెని కుర్చీలో కట్టి గాలిలో వేలాడదీసి లోపలికి తోస్తావా? రోజుకి ఎన్నిసార్లు? రాత్రి బాత్రూంకి పోవాలంటే నిన్ను లేపి పిడి తిప్పించుకోవాలా? ఆమెకి మిగిలింది ఒక్కటే, తన కాళ్ళ మీద తాను గుమ్మం దాటడం. పద్నాలుగు అడుగులకోసారి ఆగినా సరే, తన కాళ్ళ మీద. అది కూడా లాక్కుంటానంటావు.

నీకు అన్నీ సుత్తితోనూ మరతోనూ బాగవుతాయి కదూ? నడుం విరిగిన మనిషికి కూడా ఒక పిడి బిగిస్తే సరిపోతుందనుకున్నావు. మోటార్‌హోమ్ కొంటే ఆమె మామూలు మనిషిలా తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేది. అది నీకు చేతకాలేదు. పైగా, ట్రైలర్ ఊగుతుందని నాకు పాఠం చెబుతున్నావా? ఆరేళ్ళ కిందట ఊగిన ట్రైలర్ ఎవరు కట్టింది? బగ్గీని ఎక్కించింది ఎవరు, పట్టీలు బిగించింది ఎవరు, "అంతా సరిగ్గా ఉంది, పోయిరండి" అని వీపు తట్టింది ఎవరు?

సూటిగా అనమన్నావు. అన్నాను.

వెండెల్


విన్నెమక్కా
19 జులై 1997

వెండెల్‌కి,

చివరికి అన్నావు. ఆరేళ్ళుగా ఈ మాట కోసం చూస్తున్నాను. నిన్ను చూసినప్పుడల్లా ఇవాళ అంటాడేమో అనుకునేవాణ్ణి. అనలేదు. నీ మంచితనమే అనుకున్నాను. వెర్నాతో కూడా చెప్పాను, "మీ తమ్ముడు నాకంటే పెద్దమనిషి, ఒక్క మాట అనలేదు" అని.

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది నీకు చెబుతాను. ఆ ట్రైలర్‌ని నేను రోజూ కడుతున్నాను. పొద్దున లేవగానే కళ్ళు మూసుకుని మళ్ళీ ఎక్కిస్తాను. బగ్గీ ముందు చక్రాలు ముందు గోడకి జానెడు దూరంలో. పట్టీలు నాలుగు. నీళ్ళ క్యాన్లు ఇరుసు మీద. గుడారం సంచి ముందు మూల. బాత్రూంలో మేము వాడుకునే కాటా తెచ్చి, చెక్క వేసి, ట్రైలర్ ముక్కు దాని మీద దింపి తూచాను. రెండుసార్లు. మొత్తం బరువులో పదో వంతు కంటే కాస్త ఎక్కువే ముక్కు మీద ఉంది. అలా ఉంటే ఊగదు. ఊగకూడదు. కానీ దారి పోలీసు రాసిన కాగితంలో "బరువంతా వెనక ఉంది" అని ఉంది. నేను చూశాను ఆ కాగితాన్ని. మరి నేను ఏం తూచినట్టు? ఎక్కడ పొరపాటు చేసినట్టు?

దొరకలేదు వెండెల్. ఆరేళ్ళు వెతికినా దొరకలేదు. పొరపాటు ఎక్కడో తెలిస్తే కనీసం ఇంకోసారి చెయ్యకుండా ఉండొచ్చు. తెలియకపోతే ఇక ఏ బోల్టు బిగించినా నమ్మకం ఉండదు. గనిలో పని రెండేళ్ళు ముందుగా మానేసింది నడుం నొప్పి వల్ల కాదు. బిగించిన బోల్టు దగ్గరికి మూడుసార్లు తిరిగి వెళ్ళేవాణ్ణి. కుర్రవాళ్ళు నవ్వేవాళ్ళు. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది.

కుర్చీ విప్పేశాను. క్యాంపర్ అమ్మకానికి పెడుతున్నాను. సెప్టెంబరుకి ఎక్కడికీ పోవడం లేదు. ఆర్డిత్‌తో ఏదో ఒకటి చెప్పు. ఆమె రావడం ఇష్టం లేక మానేశానని మాత్రం చెప్పకు. అది అబద్ధం.

ఓరిన్


ట్విన్ ఫాల్స్
10 ఆగస్టు 1997

బావా,

ఇది నేను రాసిన అయిదో ఉత్తరం. నాలుగు చింపేశాను. ఇది కూడా చింపకముందే పోస్టులో వేస్తాను.

నువ్వు కట్టింది సరిగ్గానే కట్టావు.

ఆ రోజు పొద్దున మీ ఇంటి నుంచి బయల్దేరాం. నీకు గనిలో షిఫ్టు ఉంది, మర్నాడు అక్కతో వస్తానన్నావు. వెల్స్‌లో పెట్రోలు పోయించుకోవడానికి దారిలో ఆగాను. మధ్యాహ్నం ఎండ దంచేస్తోంది. ట్రైలర్ పక్క తలుపు తీశాను. ఐసు పెట్టె లోపలెక్కడో ఉంది, బగ్గీ ముక్కు అడ్డం. బీరు తీసుకోవాలన్నా మాంసం తీయాలన్నా బగ్గీ మీదుగా పాకాలి. సాయంత్రం దిగగానే పొయ్యి వెలిగించాలని నా ఆత్రం. పట్టీలు వదులు చేసి బగ్గీని వెనక్కి తోశాను. రెండడుగులు. ఐసు పెట్టెనీ మాంసం కాల్చే పొయ్యినీ పక్క తలుపు దగ్గరకి తెచ్చుకున్నాను. ఆ పొయ్యికి చోటు చాలక నీళ్ళ క్యాన్లు కూడా వెనక మూలకి నెట్టాను. పట్టీలు మళ్ళీ బిగించాను. ఆర్డిత్ కొట్లో ఐసు కొంటోంది, చూడలేదు.

ఏటా వేల లారీల్ని తూస్తాను. వెనక బరువేసుకుని వచ్చిన డ్రైవర్ని "ఏమయ్యా, ఇంట్లో పెళ్ళాం పిల్లలు లేరా" అని తిట్టి వెనక్కి పంపిస్తాను. అలాంటివాణ్ణి, రెండడుగులకి ఏమవుతుందిలే అనుకున్నాను. మన ఇంటి సామానే కదా అనుకున్నాను.

తర్వాతి దిగుడులో ట్రైలర్ ఊగి బండిని పల్టీ కొట్టించిన సంగతి నీకు తెలిసిందే.

ఆస్పత్రిలో నువ్వు పరిగెత్తుకుంటూ వచ్చావు. ఎవరూ ఏమీ అడగకముందే, "తప్పు నాది, కట్టింది నేను" అన్నావు. నేను నోరు తెరిచేలోపే అనేశావు అని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. నువ్వు అన్నాక నాకు ఆరేళ్ళ టైముంది. తెరవలేదు. నువ్వు ఆ బరువు మోస్తుంటే నాకు తేలిగ్గా ఉండేది. జులైలో నేను రాసింది తలుచుకుంటే నా చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది.

ఆర్డిత్‌కి తెలియదు.

వెండెల్


విన్నెమక్కా
16 ఆగస్టు 1997

వెండెల్,

వెర్నాకి చదివి వినిపించాను. సగంలో లేచి వెళ్ళిపోయింది. బయట కుళాయి కింద ఏమీ లేని బకెట్ని అరగంట కడిగింది. నువ్వు ఆమెకి ఒక్కగానొక్క తమ్ముడివి. ఆ సంగతి ఆలోచించుకో.

ఐసు పెట్టె! బీరు! నేను ఆరేళ్ళు లెక్కలు వేశాను. ఇరుసు వంగిందేమో అనుకున్నాను, కాటా పాతదై తప్పు చూపించిందేమో అనుకున్నాను, మా అమ్మ చెల్లెలికి ముసలితనంలో మతి తప్పింది, నాకూ మొదలైందేమోనని డాక్టరు దగ్గరికి కూడా పోయాను. వాడు నా తలకి తీగలు పెట్టి బొమ్మలు తీశాడు. నువ్వు అప్పుడు ఫోను చేసి "ఎలా ఉంది బావా?" అని అడిగావు. అడిగావా లేదా? ఆ క్షణంలో కూడా నీకు నోరు రాలేదు!

అన్నిటికంటే నన్ను రగిలిస్తున్నది ఇంకోటి. ఆస్పత్రిలో మూడో రోజు ఆర్డిత్ నా చెయ్యి పట్టుకుంది. మొహమంతా వాచిపోయి ఉంది. "ఏడవకు అన్నయ్యా. నిన్ను క్షమించేశాను. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తొద్దు" అంది. నువ్వు మంచానికి అటుపక్క నిలబడి ఉన్నావు. విన్నావు. నీ ఎదురుగా, ఒళ్ళంతా కట్లతో, నేను చెయ్యని తప్పుకి ఆ మనిషి నన్ను క్షమించింది. నువ్వు చూస్తూ నిలబడ్డావు. అందుకే నేను మీ గడప తొక్కలేకపోయాను. ఏటా క్రిస్మస్‌కి ఆమె పంపే చెర్రీపండు జామ్ ఒక్క సీసా కూడా తెరవలేదు. ఆమె క్షమాపణకి నేను తగనని.

వచ్చే ఆదివారం, 24వ తేదీ. ఆ లోపు నువ్వు ఆర్డిత్‌తో చెప్పాలి. నీ నోటితో, ఆమె కళ్ళలోకి చూస్తూ. ఐసు పెట్టె సంగతి కూడా. చెప్పకపోతే సోమవారం పొద్దున నేనే వస్తాను. ఈసారి ట్రక్కులో కూర్చోను.

ఓరిన్


ట్విన్ ఫాల్స్
25 ఆగస్టు 1997

బావా,

చెప్పాను. నిన్న మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చాక. భోజనానికి ముందే చెప్పాను.

చివరిదాకా విన్నది. ఏడవలేదు. "ఎన్ని అడుగులు?" అని అడిగింది. రెండు అన్నాను. "ఐసు పెట్టె కోసమా?" అంది. అవునన్నాను. "ఆ ఐసు నేనే కదా కొన్నది" అంది.

తర్వాత కర్రలు తీసుకుని లేచింది. సాయం పట్టబోతే "తాకొద్దు" అంది. అంత మెల్లగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. ఫోను దగ్గరికి వెళ్ళి కూర్చుని, "నువ్వు బయటికి పో. గరాజ్‌లో కూర్చో. నేను పిలిచేదాకా రాకు" అంది. వెళ్ళి కూర్చున్నాను. గంటన్నర. పిలవలేదు. నేనే లోపలికి వెళితే తలుపు వేసుకుని పడుకుంది. బల్ల మీద నా కంచం ఒక్కటే ఉంది, మూత పెట్టి.

మీ ఇంటికే చేసిందని బిల్లు చూడకపోయినా తెలుసు. ఏం చెప్పిందో నాతో అనడం లేదు. నీతో అన్నది నాకు చెప్పమని అడగను. నాకా హక్కు లేదు. నువ్వు ఏమంటే అది చేస్తాను. రావొద్దంటే రాను.

వెండెల్


విన్నెమక్కా
30 ఆగస్టు 1997

వెండెల్,

అడగనన్నావు గానీ చెబుతాను. చెప్పమని ఆర్డితే అంది.

ముందు పని సంగతి. ఇసుక దిబ్బలకి వెళుతున్నాం. రెనోలో మోటార్‌హోమ్ ఒకటి వారానికి అద్దెకి తీసుకున్నాను. పక్క తలుపు, ఒకటే మెట్టు, దాని కింద ఇంకో చెక్క మెట్టు నేను చేసి పెట్టాను. దాని వెనక ట్రైలర్ గీలర్ ఏమీ కట్టను. అందులో ఆర్డిత్, వెర్నా, నేను. క్యాంపర్ అమ్మలేదు, మీ వాకిటి దాకా దాన్ని నేను తెస్తాను, మోటార్‌హోమ్ మీ అక్క తోలుకొస్తుంది; అక్కణ్ణుంచి క్యాంపర్‌కి ట్రైలర్ తగిలించి నువ్వు లాక్కురావాలి. ఆ అటక మీద ఒక్కడివే పడుకో. ఆటబండ్లు నేను ఎక్కిస్తాను, పట్టీలు నేను బిగిస్తాను, ముక్కు నేను తూస్తాను. రెండుసార్లు కాదు, ఒక్కసారే తూస్తాను. అది సరిపోతుందని నాకిప్పుడు తెలుసు. దారంతా నీ వెనకే వస్తాను, ట్రైలర్ నా కళ్ళ ముందు ఉండాలి. పెట్రోలుకి ఆగితే ట్రక్కు దిగొద్దు. నీకు దాహమేస్తే మీ అక్క తెచ్చిస్తుంది.

కోపం తగ్గిందనుకోకు. ఇది రాస్తుంటే కలం రెండుసార్లు కాగితంలోకి దిగిపోయింది. నువ్వు ఎదురుపడితే ఏం చేస్తానో నాకే తెలియదు. కొట్టొచ్చు. వెర్నా అడ్డం రానంటోంది.

ఇక ఆర్డిత్ సంగతి. ఫోను నేనే తీశాను. ఆమె అంది: "అన్నయ్యా, ఆస్పత్రిలో నిన్ను క్షమించాను కదా. అది నాకు వెనక్కి ఇచ్చెయ్యి. అది నీది కాదు. నా దగ్గర ఉన్నది అదొక్కటే, ఇప్పుడు అది ఇంకొకళ్ళకి కావాలి. వాళ్ళకి ఇస్తానో లేదో నాకే తెలీదు. కానీ ముందు నా చేతిలో ఉండాలి."

ఇచ్చేశాను.

పన్నెండో తేదీ శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి మీ వాకిట్లో ఉంటాం. నేను లోపలికి వచ్చి ఆర్డిత్ చేతి కాఫీ తాగుతాను. నువ్వు ట్రైలర్ దగ్గరికి రాకు.

ఓరిన్